నర్సుల పాట్రన్ సెయింట్ (నర్సులకి అండగా ఉండే పునీతుడు) అని చెప్పే ఆ ఫాదర్ ఎవరు, రెడ్ క్రాస్ పెట్టింది ఆయనేనా?

తమ్ముడు అడిగింది టూకీగా ఇది. బీఎస్సీ నర్సింగ్ థర్డ్ ఇయర్, హైదరాబాద్‌లోనే సిస్టర్స్ నడిపే కాలేజీ, జులై 14న సెయింట్ కమిల్లస్ పండగకి ప్రోగ్రాం ఉంది, ఆయన మీద ఐదు నిమిషాలు మాట్లాడమని మేడం పేరు రాసేశారు. నెట్‌లో చూస్తే ఒకడు ఈయనే రెడ్ క్రాస్ స్థాపించాడంటాడు, ఇంకొకడు కుష్టు రోగులకి సేవ చేసి అదే జబ్బుతో పోయాడంటాడు, క్లాస్‌మేట్ ఏమో చెయ్యి పెడితే రోగాలు పోయేవట అంటున్నాడు. "నేను హిందువుని, పైగా అబ్బాయివి నీకు నర్సింగ్ ఏంట్రా అని ఇంట్లో ఇప్పటికీ అంటారు, నేనేం మాట్లాడాలి అన్నా" అని.

ముందు జవాబు చెప్పేస్తా. నువ్వు విన్న మూడూ తప్పే. రెడ్ క్రాస్ ఆయనది కాదు, కుష్టు ఫాదర్ వేరే ఆయన, ఇక చెయ్యి పెట్టి నయం చేయడం అంటావా, ఆయన కాలి మీద పుండే చచ్చేదాకా మానలేదు. కమిల్లస్ అసలు చేసింది వార్డుని మార్చడం. తిండి పెట్టడం, బట్టలు మార్చడం, దుప్పటి సర్దడం, చచ్చిపోయేవాళ్ల పక్కన కూర్చోవడం, వేరే గతి లేనివాడు జీతానికి చేసే పనులని అప్పట్లో అందరూ అనుకునే వాటిని తీసుకుని ఇవే నా పూజ అన్నాడు, ఫాదర్ అయ్యింది కూడా అందుకే. నువ్వు మాట్లాడాల్సింది దాని గురించి.

నా సంగతి రెండు ముక్కల్లో. నేనూ మేల్ నర్సునే, సర్వీసులో ఎక్కువ భాగం సర్జికల్ వార్డుల్లో పుళ్లకి డ్రెస్సింగులు చేస్తూనే గడిచింది, రిటైర్ అయ్యాక ఇప్పుడు మంచాన పడ్డవాళ్ల ఇళ్లకి వెళ్లి చేస్తున్నా. మాది ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) కుటుంబం కాబట్టి చిన్నప్పటినుంచి పునీతుల, అంటే సెయింట్ల కథలు చాలా విన్నా, కానీ నిజం చెప్పాలంటే ఈయన గురించి మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో ఎవరూ పెద్దగా చెప్పలేదు, పునీత అంతోనీ గారికి ఉన్నంత గిరాకీ ఈయనకి లేదు. డ్యూటీలో చేరాక, పుళ్లు చూడటం మొదలుపెట్టాక చదువుకున్నా.

ఇటలీలో బుక్కియానికో అనే ఊళ్లో 1550 మే 25న పుట్టాడు. తండ్రి సైనికుడు, ఎప్పుడూ ఇంట్లో ఉండడు, తల్లికి ఈయన పుట్టేటప్పటికే బాగా వయసు మీద పడింది, ఈయనకి పన్నెండు పదమూడేళ్లప్పుడు ఆమె పోయింది. కుర్రాడు ఆరున్నర అడుగుల మనిషయ్యాడు, కోపం ఎక్కువ, తండ్రి లాగే పట్టాలంలో చేరి వెనిస్ వాళ్ల తరఫున టర్కీ వాళ్ల మీద యుద్ధాలకి వెళ్లాడు, అక్కడ పట్టుకుంది జూదం. మామూలు పిచ్చి కాదు, నేపుల్స్‌లో ఒకసారి ఒంటి మీద చొక్కా కూడా పందెంలో పోగొట్టుకున్నాడు. మన దగ్గర పేకాటలో ఇల్లు పోగొట్టుకున్న బాబాయి ప్రతి కుటుంబంలో ఒకడుంటాడు కదా, ఆ టైపు.

పుండు ఈ టైంలోదే. కాలి మీద చిన్న దెబ్బ, అది మానలేదు. ట్రీట్‌మెంట్ కోసం 1571లో రోమ్‌లో సాన్ జియాకొమో అనే ఆసుపత్రికి వెళ్లాడు, నయం కాని జబ్బులవాళ్ల ఆసుపత్రి అది, డబ్బుల్లేక అక్కడే పనివాడిగా చేరాడు. కొన్నాళ్లకి జూదం, గొడవలు భరించలేక వాళ్లు గెంటేశారు. అంటే నర్సుల పాట్రన్ సెయింట్ మొదటి హాస్పిటల్ ఉద్యోగం డిస్మిస్ తోనే అయిపోయింది. ఇది స్టేజి మీద చెప్పు, స్టూడెంట్స్ నవ్వుతారు, సిస్టర్లు కూడా ఏమీ అనుకోరు.

తర్వాత 1575లో మన్ఫ్రెడోనియాలో కపూచిన్ అనే సన్యాసుల మఠం వాళ్ల బిల్డింగ్ కడుతుంటే కూలికి చేరాడు, ఆ ఫిబ్రవరి 2న ఒక ఫాదర్ మాటలు విని తిరిగొస్తూ దారిలోనే మోకాళ్ల మీద పడి ఏడ్చాడని చెప్తారు, అక్కడి నుంచి మనిషి మారాడు. మఠంలో చేరదామంటే కాలి పుండు అడ్డొచ్చింది, రెండుసార్లు తీసుకుని రెండుసార్లూ పంపించేశారు. దాంతో మళ్లీ ఏ ఆసుపత్రి గెంటేసిందో అక్కడికే వచ్చి ఈసారి ఒళ్లు వంచి పనిచేశాడు, చివరికి అక్కడే మొత్తం పనులు చూసే పెద్ద అయ్యాడు.

ఇక్కడ కొంచెం ఆగుతా, ఎందుకంటే ఆయన కథలో నాకు అన్నిటికంటే ముఖ్యం ఈ పుండే. నాలుగు వందల ఏళ్ల కిందటి పుండుకి ఇప్పుడు డయాగ్నసిస్ పెట్టడం నా పని కాదు గానీ, ఏళ్ల తరబడి మానని కాలి పుండు అంటే ఏంటో నాకు తెలుసు. మొదటి ఆరు నెలలు ఇంట్లోవాళ్లు బాగానే చూస్తారు. తర్వాత వాసన. మనిషికి తన వాసన తనకే తెలిసి పక్కింటి ఫంక్షన్‌కి వెళ్లడం మానేస్తాడు, తర్వాత ఇంట్లోనే అందరితో కూర్చుని తినడం మానేస్తాడు. బోరబండ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు, షుగర్, పాదం సగం పోయింది, పురుగులు పట్టాయి, టర్పెంటైన్ చుక్కలు వేసి ఒక్కొక్కటే తీస్తుంటే కొడుకు కారిడార్‌లో ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని నిలబడ్డాడు. నేను కొడుకుని తప్పు పట్టను, ఆ వాసన అలవాటు లేనివాడికి కష్టమే. కానీ పెద్దాయన పుండు వైపు చూడట్లేదు, నా మొహం వైపే చూస్తున్నాడు. నేను ముఖం చిట్లిస్తానా లేదా అని. డ్రెస్సింగ్ చేయించుకునే ప్రతి పేషెంటూ చూసేది అదే, ఎవరూ పైకి చెప్పరు. కమిల్లస్ ఏళ్ల తరబడి అలా ఇంకొకరి మొహం చూసిన మనిషి, అందుకే ఆయన పెట్టిన రూల్స్ చదివితే మంచం మీద పడుకుని పైకి చూస్తూ రాసినట్టుంటాయి, మంచం పక్కన నిలబడి కిందికి చూస్తూ కాదు.

ఆ రూల్స్‌లో మొదటగా అడిగేది ఏంటో తెలుసా, రోగి మీద తల్లికి ఉండే ప్రేమ నాకు ఇవ్వమని ప్రతి ఒక్కడూ దేవుణ్ణి అడుక్కోవాలట. పన్నెండేళ్లకే తల్లిని పోగొట్టుకున్న పట్టాలం మనిషి రాసిన మాట అది. రోగుల్ని నా యజమానులు, నా ప్రభువులు అనేవాడు, మాట వరసకి కాదు, వాళ్ల ముందు మోకరించి తన పాపాలకి క్షమాపణ అడిగేవాడని ఆయనతో పనిచేసినవాళ్లే చెప్పారు. నాకు పర్సనల్‌గా ఇది కొంచెం ఎక్కువే అనిపిస్తుంది, మన వార్డుల్లో అలా చేస్తే పేషెంటే భయపడి లేచిపోతాడు, కానీ ఆ కాలం భక్తి అలాంటిది.

ఫాదర్ ఎందుకు అయ్యాడు? అప్పటి ఆసుపత్రుల్లో పనివాళ్లు వేరే ఎక్కడా పని దొరకనివాళ్లు, రాత్రి అయితే రోగి అరిచినా పలికేవాడు లేడు. 1582లో ఈయనకి ఒక ఆలోచన వచ్చింది, జీతం కోసం కాకుండా ప్రేమతో చేసే మగవాళ్లని కొందర్ని పోగు చేద్దామని. ఆసుపత్రి పెద్దలకి అనుమానం, గుంపు కట్టి పెత్తనం చేస్తాడేమో అని. ఆయన పాపసంకీర్తనం (చేసిన పాపాలు చెప్పుకోవడం) వినే గురువు, అంటే ఫాదర్, ఫిలిప్ నేరి, ఆయనా తర్వాత పునీతుడే, ఆయన కూడా ఉన్నచోటే ఉండు ఇవన్నీ నీకెందుకు అన్నాడు. ఈయన వినలేదు. గురుపట్టం (ఫాదర్ హోదా) ఉంటే తప్ప ఇది నిలబడదని, పైగా చావు బతుకుల్లో ఉన్నవాళ్లకి పాపసంకీర్తనం, అభ్యంగనం (రోగికి నూనె రాసి చేసే ప్రార్థన) అక్కడే ఆ మంచం దగ్గరే అందాలని, ముప్పై రెండేళ్ల వయసులో చిన్న పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని లాటిన్ మొదలుపెట్టాడు. ఆరున్నర అడుగుల మాజీ సైనికుడు. 1584లో గురుపట్టం తీసుకున్నాడు. 1586లో పోపు సిక్స్టస్ 5 ఆ చిన్న గుంపుని ఆమోదించి, అదే ఏడు జూన్‌లో నల్ల అంగీ మీద ఎర్ర సిలువ వేసుకోవడానికి పర్మిషన్ ఇచ్చాడు. 1591లో గ్రెగరీ 14 దాన్ని పూర్తి స్థాయి మఠ సభ చేశాడు. మిగతా మఠాల్లో మూడు వ్రతాలు, అంటే దేవుడికిచ్చే మాటలు ఉంటే వీళ్లకి నాలుగోది ఉంది: ప్రాణం మీదికి వచ్చినా సరే, అంటు రోగమైనా సరే, రోగికి సేవ చేస్తాను అని.

ఆ నాలుగోది మాటల్లో ఆగలేదు. 1588లో నేపుల్స్‌లో ఇల్లు పెట్టారు, అక్కడ జ్వరాలు అంటుకున్న ఓడల్ని తీరానికి రానివ్వకుండా ఆపేస్తే వీళ్లు ఎక్కి లోపలివాళ్లకి సేవ చేశారు, కొందరు అక్కడే ఆ జబ్బుతో పోయారు. 2020లో మన గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కోవిడ్ హాస్పిటల్ చేసినప్పుడు డ్యూటీ పడినవాళ్లని, పీపీఈ కిట్‌లో చెమటతో తడిసి బయటికొచ్చి ఇంటికి వెళ్లలేక హాస్టళ్లలో పడుకున్నవాళ్లని తలుచుకుంటే ఆ వ్రతం బరువు నీకు తెలుస్తుంది. మీ సీనియర్లలో ఎవరో ఒకరు ఆ టైంలో ఇంటర్న్‌షిప్ చేసే ఉంటారు, ముందు వాళ్లతో మాట్లాడి అప్పుడు స్పీచ్ రాసుకో.

ఇప్పుడు రెడ్ క్రాస్ సంగతి. కన్ఫ్యూజన్ ఎక్కడ వచ్చిందో చెప్తా. ఒకటి, ఛాతీ మీద ఎర్ర సిలువ. రెండు, 1595లో, మళ్లీ 1601లో హంగరీ వైపు టర్కీ సేనలతో యుద్ధం జరుగుతుంటే కమిల్లస్ తన మనుషుల్ని సైన్యంతో పాటు పంపాడు, యుద్ధంలో గాయపడ్డవాళ్లకి అక్కడికక్కడే సేవ చేయడానికి. ఈ రెండూ కలిపి చూసినవాడికి ఇంకేం కావాలి, రెడ్ క్రాస్ అనేస్తాడు. కానీ ఇప్పటి రెడ్ క్రాస్ 1863లో జెనీవాలో మొదలైంది, 1859లో సోల్ఫెరినో యుద్ధం చూసి చలించిపోయిన ఆన్రీ డ్యునాంట్ వల్ల. ఆ గుర్తు స్విట్జర్లాండ్ జెండా రంగులు తిరగేస్తే వచ్చింది, ఎరుపు మీద తెలుపు బదులు తెలుపు మీద ఎరుపు. కమిల్లస్ సిలువకీ దానికీ మధ్య దాదాపు 280 ఏళ్లు. స్పీచ్‌లో "రెడ్ క్రాస్ కంటే ముందే ఎర్ర సిలువ వేసుకుని యుద్ధభూమికి మనుషుల్ని పంపాడు" అను, సరిపోతుంది, "స్థాపించాడు" అనకు.

పనిలో పనిగా ఇంకోటి, మీ వాళ్లు ప్రోగ్రాంకి పోస్టర్ చేస్తారు కదా, దాని మీద తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌లో నాలుగు వైపులా సమానంగా ఉండే ఎర్ర క్రాస్ వేయొద్దని చెప్పు. 1960 నాటి జెనీవా కన్వెన్షన్స్ చట్టం ప్రకారం మన దేశంలో ఆ గుర్తు పర్మిషన్ లేకుండా వాడకూడదు. మెడికల్ షాపు బోర్డుల మీద, డాక్టర్ల కార్ల మీద రోజూ చూస్తూనే ఉంటాం, అయినా తప్పు తప్పే. కమిల్లస్ బొమ్మ వేసుకుని ఆయన అంగీ మీద పొడుగు సిలువ ఎలా ఉందో అలా వేస్తే లొల్లి లేదు.

కుష్టు రోగుల ఫాదర్ అంటే డేమియన్. బెల్జియం ఆయన, 1873లో హవాయి దీవుల్లో మొలొకాయి అనే చోటికి వెళ్లాడు, రోగుల్ని తెచ్చి వదిలేసే చోటు అది, వాళ్లతోనే ఉండి అదే జబ్బు తగిలి 1889లో చనిపోయాడు. 2009లో పునీతుడిగా ప్రకటించారు. గొప్ప మనిషే, కానీ వేరే మనిషి, వేరే శతాబ్దం.

ఇక అద్భుతాలు. పునీతుడిగా ప్రకటించే ముందు చర్చి అద్భుతాల్ని విచారిస్తుంది, ఆ పద్ధతి దానిది. కానీ బతికున్నంతకాలం ఆయన చేసింది చూడు. కాలి పుండుకి తోడు గిలక (హెర్నియా), మూత్రపిండాల్లో రాళ్లు, అరికాళ్లలో ఆనెలు, కడుపులో ఏదీ ఇమడకపోవడం, వీటన్నిటినీ దేవుడు నా మీద చూపిన దయలు అనేవాడు. చివరి రోజుల్లో నిలబడలేకపోతే ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పాక్కుంటూ వెళ్లి ఏమైనా కావాలా అని అడిగేవాడు. 1614 జులై 14న రోమ్‌లో పోయాడు. 1746లో పునీతుడయ్యాడు, 1886లో పోపు లియో 13 ఈయన్నీ జాన్ ఆఫ్ గాడ్ అనే ఇంకో పునీతుణ్ణీ కలిపి రోగులకీ ఆసుపత్రులకీ పాట్రన్‌గా ప్రకటించాడు, 1930లో పయస్ 11 నర్సులకి కూడా. తేదీలు ఇంతకంటే ఎక్కువ చెప్పకు, ఎవరూ వినరు.

మన ఊరివాళ్లకి ఠక్కున ఎక్కేది ఇంకోటుంది. 1598 క్రిస్మస్ టైంలో రోమ్‌లో టైబర్ నది పొంగింది. నది ఒడ్డునే ఉన్న సాంతో స్పిరితో అనే పెద్ద ఆసుపత్రిలోకి నీళ్లొచ్చేశాయి. కమిల్లస్, ఆయన మనుషులు రాత్రంతా రోగుల్ని మంచాల మీద నుంచి ఎత్తుకుని పైకి చేరేశారు. ఇది చదివినప్పుడు నాకు వెంటనే అఫ్జల్‌గంజ్ గుర్తొచ్చింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వచ్చినప్పుడు అక్కడి పాత ఆసుపత్రి కొట్టుకుపోయింది, ఇప్పుడు ఉస్మానియా ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. నది ఒడ్డున హాస్పిటల్, వరద, లేవలేని రోగి, ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. స్పీచ్‌లో ఈ రెండూ పక్కపక్కన పెట్టు, హాల్లో సగం మంది ఫోన్లు దించుతారు.

"నేను అబ్బాయిని" అన్నావు. తమ్ముడూ, కమిల్లస్ పెట్టిన గుంపులో అందరూ మగవాళ్లే. ఫ్లారెన్స్ నైటింగేల్ క్రిమియా యుద్ధానికి నర్సుగా వెళ్లింది 1854లో, ఈయన పోయిన 240 ఏళ్లకి. ఆమె చేసింది తక్కువని కాదు, ఇప్పటి ట్రైనింగ్, శుభ్రత, లెక్కలు అన్నీ ఆమె వేసిన దారే. కానీ నర్సింగ్ ఆడవాళ్ల పని అనే మాట ఆ తర్వాత గట్టిపడింది గానీ మొదటినుంచీ ఉన్నది కాదు. వార్డులో నిన్ను "బ్రదర్" అని పిలుస్తారు కదా, ఈయనతో పనిచేసినవాళ్లలో చాలామంది కూడా గురువులు కాని మామూలు బ్రదర్సే.

ఇంట్లోవాళ్ల సంగతి పక్కన పెట్టు, అసలు ప్రాబ్లం మనలోనే ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన కుర్ర స్టాఫ్ ఒకతను మంచి తెలివైనవాడు, ఐవీ లైన్ పెట్టాడంటే ఒక్క గుచ్చుకే పడాలి, కానీ బెడ్ ప్యాన్ అంటే "సార్ అది ఆయా పని" అనేవాడు. పేషెంట్ అరగంట తడిలోనే పడుకుని ఉన్నాడు, ఆయా ఇంకో ఫ్లోర్‌లో ఉంది. విచిత్రం ఏంటంటే ఇదే లొల్లి కమిల్లస్ సొంత సభలోనే జరిగింది. మిలన్ ఆసుపత్రిలో పని పెరిగాక, గురువులు ఉన్న సభ వాళ్లం కదా, ప్రార్థన, ఓదార్పు మనం చూసుకుంటే చాలదా, మలమూత్రాలు ఎత్తడం నుంచి మొత్తం చాకిరీ మనమే చేయాలా అని సొంత మనుషులే ఎదురు తిరిగారు. కమిల్లస్ మాత్రం మొత్తం చేయాల్సిందే అని పట్టుబట్టాడు. అప్పులు కూడా పెరిగిపోయాయి, చివరికి 1607లో పెద్దరికం వదిలేసి మామూలు మనిషిలా వార్డుకి వెళ్లిపోయాడు. నా అభిప్రాయం అడిగితే, మేనేజ్‌మెంట్‌లో ఆయన వీక్, మొండి, ఎవరి మాటా వినడు. వార్డు విషయంలో మాత్రం కరెక్ట్. మందు ఇచ్చే చెయ్యి, తుడిచే చెయ్యి వేరువేరు అయినప్పుడే బెడ్ సోర్ (కదలకుండా పడుకుని ఉంటే పడే పుండు) మొదలవుతుంది, రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని పుస్తకంలో అందరం చదువుతాం, కానీ తిప్పేవాడికి వీపు ఎర్రబడటం కనిపిస్తుంది, చార్ట్ రాసేవాడికి కనిపించదు.

హిందువుని అన్నావు, దానికి ఇది. నువ్వు భక్తి ప్రసంగం చేయక్కర్లేదు, అది ఫాదర్ గారు పూజలో చేస్తారు. మన సిటీలోనే కుష్టు రోగుల కోసం కూకట్‌పల్లిలో శివానంద హోమ్ మొదలుపెట్టింది రాణి కుముదినీ దేవి, ఆమె చర్చి మనిషి కాదు. నువ్వు నర్సుగా ఒక పాత నర్సు గురించి చెప్తున్నావు, అంతే. ఒక్క జాగ్రత్త, ఆయన చేసినదాంట్లోంచి దేవుణ్ణి తీసేసి "మానవతావాది" అని మాత్రం చెప్పకు, రోగిలో క్రీస్తుని చూశాడు కాబట్టే అవన్నీ చేశాడు, అది ఆయన నమ్మకం, ఉన్నది ఉన్నట్టు చెప్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

టైం మిగిలితే ఒకటి చెప్పు, చాలామందికి తెలియదు. అప్పటి ఆసుపత్రుల్లో మనిషి పూర్తిగా పోకముందే పోయాడనుకుని తీసుకెళ్లి పూడ్చేసిన సందర్భాలు కమిల్లస్ కంటపడ్డాయి. అందుకని తన మనుషులకి ఆర్డర్ వేశాడు, ఊపిరి ఆగినట్టు కనిపించాక కూడా కనీసం పావుగంట ప్రార్థన చెప్తూ పక్కనే ఉండాలి, వెంటనే మొహం మీద గుడ్డ కప్పకూడదు. ఇప్పుడు మనకి ఈసీజీ స్ట్రిప్ ఉంది, డాక్టర్ వచ్చి చూసి డిక్లేర్ చేస్తారు, ఆ భయం లేదు. కానీ నేను ఇప్పటికీ డిక్లేర్ చేసిన వెంటనే దుప్పటి మొహం మీదికి లాగను. ట్యూబులు తీసి, మొహం తుడిచి, కళ్లు మూసి, గడ్డం సర్ది, ఇంట్లోవాళ్లని పిలుస్తా. వెనక ఇంకో పేషెంట్ బెడ్ కోసం స్ట్రెచర్ మీద వెయిటింగ్‌లో ఉంటాడు, పైనుంచి ఫోన్లు వస్తుంటాయి, అయినా ఆ కొన్ని నిమిషాలు ఆపొచ్చు, నేను చూసినంతవరకు ఏ డాక్టరూ దానికి కాదనలేదు.

స్పీచ్ తెలుగులోనే చెప్పు, మేడం ఇంగ్లీష్ అంటే మొదటి రెండు లైన్లు ఇంగ్లీష్‌లో అని తర్వాత తెలుగులోకి వచ్చేయ్. రాసుకున్నాక ఇక్కడ పెట్టు, తేదీలు ఒకసారి నేను చూస్తా.